ఉద్యోగము చేయుచు సమాచార భద్రతా పరీక్షకు చదువుట



హైదరాబాదు నగరమున 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు క్రమక్రమముగా వెలసిన కార్యాలయములలో, పగలు రాత్రి యను భేదము లేక, దేశదేశముల బ్యాంకులకును, ఆసుపత్రులకును, వర్తకసంస్థలకును చెందిన కంప్యూటరు వ్యవస్థలను కనిపెట్టుకొని యుండు తెలుగు యువతీయువకులు ఎందఱో కలరు. వారిలో నాలుగైదేండ్ల అనుభవము గడించినవారు ఒకచోట కూడినప్పుడు సంభాషణ ఎచ్చట మొదలైనను, తఱచుగా సి.ఐ.ఎస్.ఎస్.పి. అను సమాచార భద్రతా పరీక్షవద్దకే వచ్చి నిలుచును. నేనీ వృత్తియందు చాలకాలముగ నున్నవాడను. ఈ పరీక్షను వ్రాసినవాడను. వ్రాయుటకు పూనుకొన్న చిన్నవారికి చేతనైనంత తోడ్పడుచున్నవాడను. ఉద్యోగభారమును మోయుచునే ఈ పరీక్షకు ఎట్లు చదువవచ్చునో, ఏ తీరున చదివినచో ఆ చదువు పరీక్షాగృహమునందేకాక వృత్తియందును అక్కఱకు వచ్చునో నేడు మీకు విన్నవింపదలచితిని.

ఈ పరీక్ష పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది. 1988వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అమెరికాలో రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన చిన్న ప్రోగ్రా మొకటి, యంత్రమునుండి యంత్రమునకు తనంతట తాను ప్రాకుచు, నాటికి ఇంకను శైశవమునందున్న ఇంటర్నెట్టులో వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసెను. అంతవఱకు పరస్పరవిశ్వాసముతో నడచుచుండిన విద్వత్సమాజమునకు, కంప్యూటర్లను కాపాడుట ప్రత్యేకశిక్షణ కావలసిన వృత్తి యని ఆ సంఘటన తెలియజెప్పెను. ఆ మరుసటి యేడు, అనగా 1989లో, నేడు ఐ.ఎస్.సి. టూ అను పేరుతో వ్యవహరింపబడుచున్న సంస్థ ఏర్పడెను. 1994లో ఆ సంస్థ ఈ పరీక్షను ప్రవేశపెట్టెను. మొదట పది విభాగములుగా నుండిన పాఠ్యక్రమము 2015లో ఎనిమిది విభాగములకు కుదింపబడెను. రిస్కు నిర్వహణ, ఆస్తుల రక్షణ, వ్యవస్థల నిర్మాణము, నెట్‌వర్కులు, ప్రవేశాధికారములు, భద్రతను పరీక్షించుట, దైనందిన కార్యకలాపములు, సాఫ్ట్‌వేరు రచన, ఇవి ఆ యెనిమిది. 2024 ఏప్రిలునుండి అమలులోనున్న లెక్క ననుసరించి రిస్కు నిర్వహణకు పరీక్షయందు నూటికి 16 వంతులును, ఆస్తుల రక్షణకును సాఫ్ట్‌వేరు రచనకును పదేసి వంతులును కేటాయింపబడినవి. తక్కిన యైదును ఈ రెంటి నడుమ నుండును.

ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఉత్తీర్ణుడైన మాత్రమున ఎవ్వనికిని సి.ఐ.ఎస్.ఎస్.పి. యను బిరుదు రాదు. ఎనిమిది విభాగములలో కనీసము రెంటియందు అయిదు సంవత్సరములు పనిచేసినవానికే ఇది లభించును; కంప్యూటరు శాస్త్రమునందో తత్సంబంధవిషయమునందో డిగ్రీ యున్నచో అందులో ఒక సంవత్సరము మినహాయింపబడును. అనగా ఈ పరీక్షను రూపొందించినవారు దీనిని ఉద్యోగులకొఱకే రూపొందించిరి. అట్లుండ, మనవారిలో పెక్కుమంది "ఉద్యోగము వలన చదువు సాగుట లేదు, రెండునెలలు లీవు దొరికినచో బాగుండును" అని వాపోవుట నాకు విచారము గొల్పును. ఉద్యోగమును చదువునకు అడ్డుగోడగా తలచినంతకాలము ఈ పరీక్ష పాఠ్యగ్రంథము వేయిపుటల నిర్జీవపదజాలముగనే తోచును. కార్యాలయమున నేడు మనచేతిమీదుగా జరిగిన పనిని రాత్రి పుస్తకమున వెదకి చూచుట అలవడినచో, ఆ వేయిపుటలలో సగము మన మిదివఱకే ఎఱిగినవని తేలును. తక్కిన సగము మన పైయధికారులు ఏల అట్లు ప్రవర్తించుచున్నారో బోధించును.

ఒక ఉదాహరణము చెప్పెదను. రాత్రి రెండుగంటలవేళ సాక్ అను భద్రతాపర్యవేక్షణ విభాగమున నైట్ షిఫ్టులో నున్న ఒక యువతి తెఱమీద ఎలర్టు మెఱసినది. గత నెలలోనే సంస్థను వదలిపోయిన ఉద్యోగి పేరుగల ఖాతా ఒక సర్వరులోనికి లాగిన్ అయినది. ఆమె నియమావళి ననుసరించి టికెట్టు తెఱచి, ఆ ఖాతాను నిలిపివేయించి, లాగులను, అనగా యంత్రము వ్రాసికొన్న నమోదులను, భద్రపఱచి, షిఫ్టు ముగియగనే క్యాబులో ఇంటికి చేరినది. పని యంతటితో ముగిసినది. కాని చదువరికి పాఠ మచ్చటనే ఆరంభమగును. ఉద్యోగి వెడలిపోయిన సంగతిని మానవవనరుల శాఖవారు ఎవరికి తెలుపవలెను? తెలిపిరా? ఆ ఖాతాకు ఆ సర్వరుపై అధికార మెవరు మంజూరు చేసిరి? మంజూరు చేసినవారు ఏడాదికొకసారియైనను ఆ పట్టికను తిరుగ చూచిరా? ఆ సర్వరులోని సమాచారమునకు బాధ్యుడైన యజమాని ఎవడు? సాంకేతికశాఖవా డనుకొందుము గాని, వాడు సంరక్షకుడు మాత్రమే. ఆ సమాచారముతో వ్యాపారము నడుపు శాఖాధిపతియే యజమాని యని పాఠ్యగ్రంథము చెప్పును. ప్రతివానికి తన పనికి కావలసినంత అధికారమే యుండవలె నను సూత్రమును సాల్ట్‌జర్, ష్రోడర్ అను పండితులు 1975లోనే ప్రకటించిరి. ఇన్నేండ్లు గడచినను ఆ సూత్రము ఆ రాత్రి ఆ సర్వరుమీద ఏల అమలు కాలేదు? ఈ ప్రశ్నలను ఆమె మరునాడు తీరికగా పుస్తకము ముందుంచుకొని ఆలోచించినచో, ప్రవేశాధికారముల విభాగమును, కార్యకలాపముల విభాగమును, రిస్కు విభాగమును ఒక్క టికెట్టుతోనే తాకినదగును. అట్లు చదివిన విషయమును మఱచుట కష్టము. ఏలయన అది ఆమె కంటియెదుట జరిగినది.

పరీక్షయందు తెలివిగల సాంకేతికనిపుణులే తఱచుగా తడబడుదురు. దీనికి కారణము జ్ఞానలోపము కాదు, నిలుచున్న చోటు. కావలివాడు తాళమును చక్కగ వేయ నేర్చినవాడే. కాని ఏ గదిలో ధాన్యమున్నదో, ఏ గదిలో పాతగోనె సంచులున్నవో, తాళమునకు ఎంత వెచ్చింపవచ్చునో నిర్ణయించువాడు ఇంటి యజమాని. ఈ పరీక్ష మనలను కావలివాని చోటినుండి లేపి యజమాని ప్రక్కన కూర్చుండబెట్టి అడుగును. సర్వర్లగదిలో మంటలు లేచినవి, మొదట నేమి చేయుదు వన్నచో, మంటనార్పు సాధనముల నామములు, బ్యాకప్ టేపుల స్థానము తెలిసినవాడు వానివైపే పరుగిడును. కాని అచ్చటనున్న మనుష్యులను సురక్షితముగా వెలుపలికి పంపుటయే ప్రథమకర్తవ్యము. ప్రాణమునకు సాటియగు ఆస్తి ఈ శాస్త్రమున లేదు. ఈ ఒక్క విషయమునందు పాఠ్యక్రమ మెచ్చటను రాజీపడకుండుట నా కెంతో గౌరవము కలిగించినది. అట్లే, ఒక లోపము కనబడినది, ఏమి చేయుదు వన్నచో, వెంటనే సర్వరుమీద చేయిపెట్టి సరిదిద్దుదు నను సమాధానము ఉత్సాహవంతునికి సహజముగా తోచును. కాని ముందుగా దాని ప్రభావమెంతయో అంచనావేసి, మార్పునకు అనుమతి పొంది, పిదప చేయుట బాధ్యతగలవాని మార్గము.

ఇక కాలమును గుఱించి. రోజునకు ఎన్ని గంటలు చదువవలెనని అందఱును అడుగుదురు. నేను గంటల లెక్క చెప్పను. షిఫ్టు మారినప్పుడెల్ల నిద్రవేళలు మారు వృత్తి మనది. నైట్ షిఫ్టు దిగి తెల్లవారుజామున ఇల్లు చేరినవాడు కండ్లు మూతపడుచుండగా క్రిప్టోగ్రఫీ తెఱచినచో, పుటలు తిరుగును గాని విషయము మనస్సున నిలువదు. అట్టివారు నిద్రించి లేచిన పిదప దొరకు మొదటి గంటను చదువునకు విడిచి, ప్రయాణకాలమును వెనుకటి పాఠమును నెమరువేసికొనుటకు వినియోగించుట మేలు. పగటి షిఫ్టువారికి ఉదయము మంచిది. ఉద్యోగమునకు తోడు పసిబిడ్డ పోషణముకూడ మోయు స్త్రీలు నన్ను సలహా అడిగినప్పుడు, మొదట పరీక్షతేదీని నిశ్చయించి, దానిని ఇంటివారందఱికి చెప్పుమని చెప్పుచుందును. అత్తగారికిని, భర్తకును, తల్లిదండ్రులకును తెలియని పరీక్ష ఇంటిపనిలో మునిగిపోవును. అందఱికిని తెలిసిన పరీక్షకు అందఱును తలొకగంట సమకూర్చి పెట్టుదురు. పుస్తకముల విషయమున నా యభిప్రాయము, ఒకటి చాలును. సైబెక్స్ సంస్థ ప్రచురించు అధికారిక పాఠ్యగ్రంథము వేయిపుటలకు మించినది. షాన్ హ్యారిస్ వ్రాసిన గ్రంథము, ఆమె 2014లో పరమపదించిన పిదపను, ఇతరులచే సంస్కరింపబడుచు నేటికిని చదువబడుచున్నది. వీనిలో దేనినైనను ఒకదానిని గైకొని తుదిముట్ట చదువవలెను. నాలుగు గ్రంథములను, పది వీడియోలను ఒక్కసారిగా మొదలుపెట్టినవారు అన్నింటియందును మొదటి అధ్యాయములో మాత్రమే పండితులగుట నేను చూచియుంటిని.

రిస్కు విభాగమున వచ్చు లెక్కలకు మనవారు భయపడుదురు. అందు భయపడదగిన గణితము లేదు. కోటిరూపాయలు విలువగల సామగ్రి యున్నదనుకొందము. వరద వచ్చినచో అందు నూటికి ముప్పదివంతులు నష్టమగును. అట్టి వరద పదేండ్ల కొకసారి వచ్చును. ఒక్కసారికి నష్టము ముప్పదిలక్షలు. దానిని పదేండ్లకు పంచినచో సంవత్సరమునకు మూడులక్షలు. ఈ నష్టమును పూర్తిగా తప్పించు రక్షణోపాయమే యైనను, దానికి ఏటేట అయిదులక్షలు వెచ్చింపవలసి వచ్చినచో, అది యెంత గొప్పదైనను వ్యాపారదృష్టితో తగదు. లెక్క యింతియే. కాని ఈ లెక్కలోని అంకెల వెనుక నున్న అనుభవమును ఎఱుగవలెనన్నచో మన విశాఖపట్టణము చాలును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరమును తాకినప్పుడు, విద్యుత్తు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయి, చెట్లు కూలి దారులు మూసుకొనిపోయినవి. అట్టి స్థితిలో ఒక కార్యాలయము తన పనిని ఎన్నిగంటలలో తిరిగి ప్రారంభింపవలెను? ఎన్నిగంటల సమాచారము పోయినను సహింపగలదు? మొదటి ప్రశ్నకు సమాధానము పునరుద్ధరణకు గడువు. రెండవ ప్రశ్నకు సమాధానము బ్యాకప్ ఎంతకాలమున కొకసారి తీయవలెనో నిర్ణయించును. ఈ రెంటిని కలగాపులగము చేయుట పరీక్షలో సర్వసాధారణమైన పొరపాటు. ఆ తుపాను దినములలో విశాఖపట్టణమున నున్నవారెవరైనను మీ కార్యాలయమున నుండినచో, వారి ప్రక్కన కూర్చుండి అడిగి తెలిసికొనుడు. డీజిలు లేక జనరేటరు ఆగిపోయినచో ఏమగును, రెండవ కేంద్రము మొదటి కేంద్రమున్న సముద్రతీరముననే యున్నచో ఏమి ప్రయోజనము, ఉద్యోగులు తమ యిండ్లను విడిచి రాలేని దినమున ప్రణాళికాపత్రము ఎవరికి పనికివచ్చును, ఈ విషయములను వారు చెప్పినట్లు ఏ గ్రంథమును చెప్పజాలదు.

సిద్ధాంతభాగమున కొన్ని నమూనాలు కలవు. బెల్, లపడ్యులా అను నిరువురు 1973లో రూపొందించినది రహస్యమును కాపాడుటకు: క్రిందిస్థాయివాడు పైస్థాయి పత్రమును చదువరాదు, పైస్థాయివాడు క్రిందిస్థాయి పత్రమున వ్రాయరాదు. కొన్నేండ్లకు బీబా అను నతడు సమాచారము చెడిపోకుండుటకు దీనిని తలక్రిందులుగ త్రిప్పెను. చదువునప్పుడు ఈ రెండును తారుమారగుట సహజము. దీనికి కంఠస్థము చేయుటకంటె మేలైన మార్గము, రహస్యమా, సమగ్రతయా అని ప్రతిసారియు తన్ను తాను అడుగుకొనుట. 1987లో క్లార్క్, విల్సన్ ప్రకటించిన నమూనా మాత్రము మన బ్యాంకు ఉద్యోగులకు పుట్టినింటివలె పరిచితము. కౌంటరువద్ద ఒకరు లావాదేవీని నమోదుచేయుదురు, మఱియొకరు దానిని పరిశీలించి ఆమోదింతురు; మేకర్, చెకర్ అని వారు పిలుచునది ఇదియే. ఎంత నమ్మకస్థుడైనను ఒక్కడే రెండుపనులు చేయకూడదను నియమమునందు అవమాన మేమియు లేదని, అది నిజాయితీపరునికే రక్షణ యని బ్యాంకువారు ఏనాడో గ్రహించిరి. బ్యాంకుశాఖలో పనిచేయు అన్నయో అక్కయో ఇంటనున్నచో, ఒక సాయంత్రము వారిచే ఈ పాఠము చెప్పించుకొనుడు.

మన చట్టములను, ఆజ్ఞలను కూడ ఇట్లే చదువవచ్చును. 2022 ఏప్రిలు 28వ తేదీన మన దేశపు సైబరు భద్రతాసంస్థయైన సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశముల ప్రకారము, నిర్దిష్టములైన సైబరు సంఘటనలను గమనించిన ఆరుగంటలలోపల ఆ సంస్థకు తెలుపవలెను. లాగులను 180 దినములు భద్రపఱపవలెను. ఈ పరీక్ష ఈ ఆదేశములను వల్లింపుమని కోరదు. కాని ఆరుగంటలలో ఒక సంఘటనను గుర్తించి, నిర్ధారించి, పైవారికి చెప్పి, లిఖితపూర్వకముగ తెలుపుటకు ఎవరెవరు ఏయే క్రమమున కదలవలెనో మీ సంస్థ వ్రాసికొన్న పత్రము నొకసారి చదివినచో, సంఘటనల నిర్వహణమును గుఱించిన అధ్యాయము తనంతట తానే బోధపడును.

ఒక సంగతిని నొక్కి చెప్పక తప్పదు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను జ్ఞాపకముంచుకొని వెలుపల అమ్ముకొను డంపుల వ్యాపార మొకటి నడచుచున్నది. పరీక్షకు కూర్చుండు ప్రతివాడును ప్రశ్నలను వెల్లడింపనని ఒప్పుకొని కూర్చుండును. సమాజమును, ప్రజల విశ్వాసమును కాపాడుట ప్రథమధర్మమనియు, గౌరవముగ, నిజాయితీతో, న్యాయముగ, చట్టబద్ధముగ ప్రవర్తించుట ద్వితీయధర్మమనియు, యజమానులకు శ్రద్ధతో సమర్థతతో సేవచేయుట తరువాతిదనియు, వృత్తిని అభివృద్ధిపఱచుట ఆ పిమ్మటిదనియు ఆ సంస్థ నీతినియమావళి వరుస యేర్పఱచినది. ఒకదానికొకటి అడ్డువచ్చినప్పుడు ఈ వరుసనే పాటింపవలెను. ఇతరుల రహస్యములను కాపాడు అర్హత నాకున్నదని చాటుకొను పత్రమును దొంగిలించిన రహస్యముతో సంపాదించువాడు, తన చేతికి రేపు ఒక బ్యాంకు తాళములు అప్పగింపబడునని ఏల యోచింపడు? ఈ మాట కఠినముగ తోచవచ్చును. దీనిని మెత్తబఱచుటకు నాకు మనస్సొప్పదు. అభ్యాసప్రశ్నలు వేఱు, డంపులు వేఱు. గ్రంథకర్తలు తామై రచించిన అభ్యాసప్రశ్నలను ఎన్నింటినైనను చేయవచ్చును. చేసినప్పుడు తప్పిన ప్రశ్నలకేకాక ప్రతి ప్రశ్నకును, నాలుగు సమాధానములలో ఒప్పైనది ఏల ఒప్పో, తక్కిన మూడును ఏల కావో వ్రాసికొనుట అలవఱచుకొనవలెను. ఒకనాటికి పది ప్రశ్నలు ఇట్లు చేసినను, వంద ప్రశ్నలు పరుగున చేసినదానికంటె ఫలము మిక్కుటము.

పరీక్షా గృహమున జరుగునది ముందుగ ఎఱిగి యుండుట మంచిది. కాలము మూడు గంటలు. ప్రశ్నలు నూఱునకు తగ్గవు, నూటయేబదికి మించవు. నూటయేబదియు వచ్చినచో ఒక్కొక్క ప్రశ్నకు 72 సెకండ్లు మాత్రమే చిక్కును. ఒకసారి సమాధాన మిచ్చి ముందునకు సాగిన పిదప వెనుకకు మరలుట కుదరదు. చిన్ననాటినుండి తెలిసినవి ముందు వ్రాసి, తెలియనివి చివరకు విడిచిపెట్టుటకు అలవాటుపడిన మనకు ఇది మిక్కిలి ఇబ్బందిగ నుండును. కావున ఇంట అభ్యాసము చేయునప్పుడే వెనుకకు చూడని నియమము పెట్టుకొనవలెను. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. కంప్యూటరు మన సమాధానములనుబట్టి తరువాతి ప్రశ్నను ఏరును. మనము సరిగ చెప్పినకొలది కఠినమైనవి వచ్చును. అందుచేత బాగుగ వ్రాయుచున్నవానికిని, సగము తప్పులు పోవుచున్నట్లే తోచును. ఈ రహస్య మెఱుగక, సగములోనే ధైర్యము చెడి, మిగిలిన ప్రశ్నలను నిర్లక్ష్యముగ దాటించి పాడుచేసికొన్న మిత్రులు నాకు తెలియుదురు. ప్రశ్నలు కష్టమగుచున్నవన్నచో ఆశ వదలుకొనవలసిన పని లేదు. నూఱవ ప్రశ్నతో తెఱ ఆగిపోయినను కంగారు వలదు. ఉత్తీర్ణతయో కాదో యంత్రమునకు నిశ్చయమైనదని మాత్రమే దాని యర్థము.

ఉత్తీర్ణులు కానివారికి ఏ విభాగమున బలము తక్కువైనదో తెలుపు పత్రము లభించును. మొదటిసారి తప్పినవారు ముప్పదిదినములు ఆగి తిరిగి వ్రాయవచ్చును. ఆ ముప్పదిదినములలో పుస్తకమును మొదటినుండి చదువుట వృథాశ్రమ. ఆ పత్రమున బలహీనమని చూపిన విభాగములందే, తమ కార్యాలయమున ఆ పనిచేయువారి వద్దకు వెళ్లి, వారు చేయుచున్నది చూచుట మంచిది. ఉత్తీర్ణులైనవారు తొమ్మిదినెలలలోపల తమ అనుభవమును నిరూపించి, ఇదివఱకే ఆ సంస్థ బిరుదు గలవానిచేత గాని, ఆ సంస్థచేతనే గాని ధ్రువీకరింపించుకొనవలెను. పాతసంస్థల అనుభవపత్రములు, ఆనాటి మేనేజర్ల చిరునామాలు చేజాఱకుండ చూచుకొనుడని అందఱకును చెప్పుచుందును. పరీక్షకంటె ఈ పత్రములసేకరణయే కొందఱకు ఎక్కువకాలము పట్టినది. పిదప మూడేండ్లలో నూటయిరువది గంటల అధ్యయనము చేసినట్లు చూపవలసియుండును.

అయిదేండ్ల అనుభవ మింకను లేనివారు పరీక్ష ముందుగ వ్రాసి, అసోసియేటుగా నుండి, ఆరేండ్లలో ఆ అనుభవమును పూర్తిచేసికొను వెసులుబాటు కలదు. కాని ఇంజనీరింగు కళాశాల దాటిన వెంటనే అప్పుచేసి ఈ పరీక్షకు కట్టు పిల్లలను నేను ప్రోత్సహింపను. దీని రుసుము అమెరికా నాణెములో 749 డాలర్లు. ఒక సామాన్యకుటుంబమునకు అది చిన్నమొత్తము కాదు. ముందు ఏదైన సంస్థలో చేరి, ఒకటి రెండేండ్లు లాగులు చదివి, ఎలర్టులకు జవాబు చెప్పి, ఆడిటు జరుగునప్పుడు ప్రక్కన నిలిచి చూచి, పిదప ఈ గ్రంథమును తెఱచినవారికి ఇది సులభముగ నుండును. అట్లు చేరగోరు విద్యార్థులు మొదట నెట్‌వర్కుల పాఠములను, లినక్సును క్షుణ్ణముగ నేర్చుకొనవలెను.